ఆయన లేని ఆయన గొంతు

నా భర్త పాస్టరుగా ఉన్న సంఘం దేవరకొండకు దగ్గరలోని ఒక ఊళ్లో ఉంది. మా గుడి అంటే రేకుల కప్పు, సిమెంటు నేల, చాపలు. మగవాళ్లు ఒక పక్క, ఆడవాళ్లు ఒక పక్క కూర్చుంటారు. నేను అదే ఊళ్లో అంగన్‌వాడీ టీచరును. ఆయనను అందరూ అయ్యగారు అనేవాళ్లు, ఆయన భార్యను కాబట్టి నేను అమ్మగారిని అయ్యాను. మాకు పిల్లలు కలగలేదు.

ఆయన పుట్టింది గొర్లకాపరుల ఇంట్లో. చిన్నతనమంతా మంద వెంట గుట్టల మీద తిరిగాడు. అవతలి గుట్ట మీద మేస్తున్న మందను ఇవతలి నుంచి పిలిచి పిలిచి ఆ గొంతు తయారైంది. వయసులో ప్రభువును నమ్ముకున్నాడు. ఇంట్లోవాళ్లు కొన్నేళ్లు మాట్లాడలేదు, తర్వాత వాళ్లే వచ్చి మాట కలిపారు. ప్రసంగానికి నిలబడితే మైకు అవసరం ఉండేది కాదు. రేకుల మీద వాన పడుతున్నా ఆఖరి చాప మీది వాళ్లకు వినబడేది.

అయితే ఆ గొంతు గుడిది. ఇంటి గొంతు వేరు. బల్ల దగ్గర నిలబడి "సహోదరులారా, ఆలకించుడి" అన్న మనిషే ఇంటికి వచ్చి గడప మీద కూలబడి, "ఏందే, బువ్వయిందా?" అనేవాడు. తగ్గు గొంతు, కొంచెం బద్ధకం, చివర్లో మాట మింగేయడం. పెళ్లయిన ఇన్నేళ్లలో నన్ను పేరు పెట్టి పిలిచింది లేదు. "ఓ పిల్లా" అనేవాడు, నా తల నెరిసిన తర్వాత కూడా.

కరోనా కాలం వెళ్లిపోయిన తర్వాత ఆయన గొంతు బొంగురుపోయింది. ప్రసంగాలు ఎక్కువై అట్లా అయిందని అనుకున్నాం. తేనె, మిరియాలు, ఉప్పునీళ్లు అన్నీ అయ్యాక దేవరకొండ డాక్టరు నల్లగొండకు పంపాడు, నల్లగొండ డాక్టరు పట్నం పంపాడు. పట్నంలోని పెద్ద దవాఖానలో గొంతులో ఉన్నది ఏమిటో చెప్పారు. స్వరపేటిక మొత్తం తీసేయాలన్నారు.

"బీడీలు తాగేవాడా?" అని డాక్టరు నన్ను అడిగాడు. జీవితంలో ముట్టలేదన్నాను. డాక్టరు కాగితాల వైపు చూస్తూ తలాడించాడు, అంతే.

ఆపరేషన్ నాటి పొద్దున ఆయనను చక్రాల బండి మీద పడుకోబెట్టి తీసుకుపోతుంటే నేను పక్కన నడుస్తున్నాను. ఆ గొంతుతో ఆఖరి మాటలు ఏం చెబుతాడో అని చెవులు రిక్కించాను. ప్రార్థన చేస్తాడనుకున్నాను. తలుపు దగ్గర ఆగినప్పుడు ఆయన తల తిప్పి, "నా చెప్పులు జర పక్కకు వెట్టు, ఎవలన్న ఏస్కపోతరు" అన్నాడు. తలుపు మూశారు. నేను పోయి చెప్పులు తీసి సంచిలో పెట్టుకున్నాను.

తర్వాత మెడ కింద ఒక రంధ్రం మిగిలింది. ఊపిరి అక్కడి నుంచే. దాని మీద పల్చని గుడ్డ వేసేదాన్ని. మాటల కోసం దవాఖానలో గొంతుకు ఆనించుకునే ఒక చిన్న మిషను ఇచ్చారు. దాన్ని ఆనించి పెదాలు కదిపితే తుమ్మెద రొద చేసినట్టు మాట వచ్చేది. ఒక ఆదివారం దానితో ప్రార్థన మొదలుపెట్టాడు. పిల్లలు నవ్వారు. పెద్దవాళ్లు నవ్వు రాకుండా తలలు వంచుకున్నారు. అది ఆయనకు కనబడింది. మిషన్ను తెచ్చి బీరువాలో పెట్టి, మా అంగన్‌వాడీ పిల్లల పలక ఒకటి తీసుకున్నాడు. అప్పటి నుంచి పలక మీద రాయడమే.

మా అక్క కొడుకు పట్నంలో సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేస్తాడు. ఇంటర్ చదివిన రెండేళ్లు మా ఇంట్లోనే ఉన్నాడు. ఆయనంటే ప్రాణం. బైబిలు వాక్యం చదవడం ఆయన దగ్గరే నేర్చుకున్నాడు. ఆపరేషన్ తర్వాత చూడటానికి వచ్చి, పలక మీద రాస్తున్న ఆయనను చూసి పెరట్లోకి పోయి ఏడ్చాడు. కళ్లు కడుక్కొని వచ్చి, "చిన్నమ్మా, చిన్నాయిన ప్రసంగాలు ఎవలెవల ఫోన్లల్ల ఉన్నయ్?" అని అడిగాడు.

చాలామంది దగ్గర ఉన్నాయి. తెలంగాణ వచ్చిన రోజుల నుంచీ యువకులు ఆయన ప్రసంగాలను ఫోన్లలో రికార్డు చేసి ఇంటర్నెట్లో పెడుతూనే ఉన్నారు. అవన్నీ పోగుచేసుకొని పోయాడు. తిరిగి వచ్చేటప్పుడు ఒక ట్యాబు తెచ్చాడు.

నేను పొయ్యి దగ్గర జొన్నరొట్టెలు చేస్తున్నాను. ముందు గదిలోంచి నా భర్త గొంతు వినబడింది. "ప్రియులారా, నేను మాట్లాడుచున్నాను." పిండి చేతులతోనే పరుగెత్తాను. ఆయన ట్యాబు ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాడు, చెంపల మీద నీళ్లు కారుతున్నాయి. టైపు చేస్తే ఆయన గొంతుతోనే పలుకుతోంది. ఆ రోజు నేను దేవునికి కృతజ్ఞతలు చెప్పాను. మనసారా చెప్పాను.

సాయంత్రం ఆయన నీళ్ల కోసం దాని మీద టైపు చేశాడు. "నాకు నీళ్లు కావలెను" అని ఆ గొంతు ఇల్లంతా మోగేటట్టు ప్రకటించింది. ముగ్గురం నవ్వాం. మళ్లీ చేశాడు. మళ్లీ అదే మోత. నాతో ఏం చెప్పాలనుకున్నా అది నాకు ప్రసంగంలాగే వినబడేది. ఇంటి మాట దానికి రాదు.

"అన్ని గుడిల చెప్పినయే ఉన్నయ్ చిన్నమ్మా. ఇంట్ల మాట్లాడింది ఏమన్న రికార్డున్నదా? కొంచెమైనా సరే" అన్నాడు అక్క కొడుకు.

నా ఫోను వెతికాను. ఆయన ఫోను వెతికాను. ఒక పెళ్లి వీడియోలో ఆయన పంక్తిలో కూర్చొని అన్నం తింటున్నాడు, ఎవరికో తల ఊపుతున్నాడు, నోరు మాత్రం తెరవలేదు. ఇంట్లో మాట్లాడే మాటను ఎవరు రికార్డు చేస్తారు? అందుకని ఇంట్లో మేం మళ్లీ పలకకే వచ్చాం. ట్యాబు గుడికి మిగిలింది.

గుడిలో ఆ గొంతు వినబడిన మొదటి ఆదివారం పండుగలాగే ఉంది. మా సంఘంలో ఒక అవ్వ ఉంది. మా ప్రాంతపు ఫ్లోరైడు నీళ్లకు ఆమె నడుము పూర్తిగా వంగిపోయింది, తల ఎత్తి ఎవరి ముఖమూ చూడలేదు. మనుషులను పాదాలను బట్టి, గొంతును బట్టి పోల్చుకుంటుంది. ఆమె చాప మీద నుంచే రెండు చేతులూ పైకి లేపి, "అయ్యగారు మల్ల వచ్చిండు, మల్ల వచ్చిండు" అని ఏడ్చింది. సంఘ పెద్ద ఒక రిటైరైన హెడ్మాస్టరు. ఆయన లేచి, "నా మోకాలు ఇనుపది. ఆ మోకాలు మీదనే మోకరిస్తున్న. దేవుడు ఆ ప్రార్థన వింటలేడా? గిది గూడ గంతే" అన్నాడు. అందరూ ఆమేన్ అన్నారు. నల్లగొండ నుంచి వచ్చిన ఒక ప్రసంగీకుడు మాత్రం ఇది మృగపు ముద్ర, అంటే సాతాను గుర్తు అనీ, ఇట్లాంటిదాన్ని ముట్టుకోవద్దనీ హెచ్చరించి పోయాడు. ఆయన మాట ఎవరూ పట్టించుకోలేదు. అప్పుడు నేను కూడా పట్టించుకోలేదు.

ప్రసంగం మొత్తం టైపు చేయడం ఆయన వల్ల అయ్యేది కాదు. వేళ్లు నెమ్మది, కళ్లు మసక. అక్క కొడుకు దానికీ దారి చూపాడు. "నువ్వు నాలుగు మాటలు కొట్టు చిన్నాయినా, మిగతది అదే చెప్తది. నీ ప్రసంగాలన్ని దానికి తెలుసు."

అట్లాగే చెప్పింది. అంత బాగా ఆయన ఎప్పుడూ చెప్పలేదని చాలామంది అన్నారు. నిజమే. దగ్గు లేదు, చెప్పిందే చెప్పడం లేదు, దారి తప్పడం లేదు. ఆయన చెప్పే రోజుల్లో మధ్యలో మాట మరిచిపోయి రేకుల వైపు చూస్తూ నిలబడేవాడు. సంఘమంతా ఎదురుచూసేది. ఆ తర్వాత వచ్చే మాట ఆయనకు కూడా కొత్తే అన్నట్టు ఉండేది ఆయన ముఖం. నేను అన్ని ప్రసంగాల్లోనూ ఆ ఘడియ కోసమే కూర్చునేదాన్ని. ట్యాబు ఎప్పుడూ మరిచిపోలేదు.

తర్వాత తండాల ముచ్చట వచ్చింది. మా చుట్టూ లంబాడీ తండాలు చాలా ఉన్నాయి. లంబాడీ నేర్చుకోవాలని ఆయన చాలా ప్రయత్నించాడు, పట్టుబడలేదు. అక్క కొడుకు ట్యాబుతో లంబాడీ మాట్లాడించాడు, ఆయన గొంతుతోనే. ఒక తండాలో కూటం పెట్టాం. ఆడవాళ్లు కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చారు. హెడ్మాస్టరు నా వైపు వంగి, "భాషల వరం గిదే కావచ్చు అమ్మగారు" అన్నాడు. కూటం అయ్యాక ఒక ముసలాయన వచ్చి నా భర్త రెండు చేతులూ పట్టుకొని లంబాడీలో ఏదో చాలాసేపు చెప్పాడు. మధ్యమధ్యలో తలపాగా కొసతో కళ్లు తుడుచుకున్నాడు. తన సొంత భాషలో అంత మాట్లాడిన మనిషికి తన మాట అర్థం కావడం లేదని ముసలాయనకు తోచలేదు. నా భర్త తల ఊపుతూ నిలబడ్డాడు. ముసలాయన వెళ్లిపోయాక పలక తీసి రాశాడు: "ఏమన్నడు?"

అక్కడున్నవాళ్లను నేను అడిగాను. అప్పటికే అందరూ కదిలిపోతున్నారు. ఎవరూ విని ఉండలేదు. ఆ ముసలాయన మళ్లీ కనబడలేదు.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం ఇంటి అరుగు మీద మాటలు జరిగాయి. మేం ముగ్గురమే ఉన్నాం. ఆయన పలక మీద రాసి అక్క కొడుకుకు చూపించాడు.

"నేను చెప్పని మాటలు నా గొంతుతోటి ఎందుకు?"

"అయి నీ మాటలే చిన్నాయినా. ఇన్నేండ్ల సంది నువ్వు చెప్పినయే అది నేర్చుకున్నది. నువ్వుంటే గట్లనే చెప్తుంటివి."

ఆయన తుడిచి రాశాడు: "నేనున్న గద."

పిల్లవాడి ముఖం పాలిపోయింది. "కోపం జెయ్యకు. నాకు సమజ్ కాక అడుగుతున్న. పోయిన గొంతు మల్ల వస్తే దేవుని దయ అంటున్నం. లేని భాష వస్తే తప్పెట్లయితది? కండ్లద్దాలు పెట్టుకుంటె తప్పు లేదు, దుర్భిణి పెట్టుకుంటె తప్పా? గీ గీత ఎవలు గీసిండ్రు?" అన్నాడు.

ఆయన పలక తుడిచి మళ్లీ రాశాడు: "ప్రభువు సమాధిలకెల్లి లేచినంక గూడ చేతులల్ల మేకుల గాయాలు అట్లనే ఉన్నయ్. ఎందుకు మాన్పుకోలే?"

"మరి నువ్వెందుకు ఆపరేషన్ చేయించుకున్నవ్?"

ఆ మాట అన్నందుకు పిల్లవాడే నాలుక కరుచుకున్నాడు. ఆయన మోకాళ్ల దగ్గర కూర్చొని, "చావును గెలుచుడే గద మన సువార్త చిన్నాయినా. మనిషి గింత వరకే రావాలె, గీడనే ఆగాలె అని దేవుడు ఎక్కడన్న అన్నడా? లోకంల పెద్ద పెద్దోళ్లు చావే లేకుండ జేసుడు మీద పని చేస్తుండ్రు. వాళ్లు దేవుడు లేకుండ చేస్తుండ్రు, మనం దేవుని కోసం చేద్దాం అంటున్న. నువ్వు పోతె గూడ నీ వాక్యం వినబడాలె. నాకు గంతే కావాలె" అన్నాడు.

ఆయన పిల్లవాడి తల మీద చేయి పెట్టాడు. మరునాడు నేను చాట చెరుగుతుంటే వచ్చి పలక నా ముందు పెట్టాడు. "వాని మాటకు జవాబు దొరుకతలేదు" అని ఉంది. తుడిచి మళ్లీ రాశాడు: "ఆపరేషన్ నేను బతకాలని. గిది నేను లేకున్నా నడుస్తది. తేడా ఉన్నది. చెప్పొస్తలేదు."

తర్వాతి ఆదివారం ఆయన ట్యాబు ఇంట్లో వదిలేసి గుడికి బయలుదేరాడు. నన్ను బల్ల పక్కన నిలబడమని సైగ చేశాడు. ఆయన శబ్దం లేకుండా పెదాలు కదిపితే, ఆ పెదాలను చదివి నేను పైకి చెప్పాలి. నాకు అలవాటు లేదు. తడబడ్డాను. కొన్ని మాటలు తప్పు చదివాను, ఆయన తల అడ్డంగా ఊపితే మళ్లీ చూసి చెప్పాను. ఆయన ఊపిరి గుడ్డ కింద ఈలలా వినబడుతోంది. మధ్యలో ఒకసారి ఆయన ఎప్పటిలాగే రేకుల వైపు చూస్తూ ఆగాడు. నేను కూడా ఆగాను. ఆయన పెదాలు ఎప్పుడు కదులుతాయా అని కళ్లార్పకుండా చూశాను. నా జీవితంలో దేవునికి అంత దగ్గరగా నిలబడింది అప్పుడే అనిపిస్తుంది.

సంఘం అట్లా అనుకోలేదు. వెనక చాపల మీద యువకులు ఫోన్లు చూసుకుంటున్నారు. కొందరు మధ్యలోనే లేచిపోయారు. అవ్వ, "అయ్యగారు రాలేదా ఇయ్యాల?" అని పక్కామెను గట్టిగా అడగడం నాకు వినబడింది. ఆయనకూ వినబడింది.

ఆరాధన అయ్యాక హెడ్మాస్టరు మిగతా పెద్దలతో కలిసి వచ్చాడు. "అయ్యగారు, మీరు గింత కష్టపడుడు మేం చూడలేకపోతున్నం. మీరు కుర్చీల కూసోండ్రి, చాలు. వాక్యం అదే చెప్తది" అన్నాడు. ఆ మాటలో చెడు లేదు, ఆయన కళ్లు కూడా తడిగానే ఉన్నాయి. నా భర్త అందరి ముఖాలూ చూసి, సరే అన్నట్టు తల వంచాడు. అది అణకువో విసుగో నాకు ఇప్పటికీ తెలియదు. అప్పటి నుంచి ట్యాబు బల్ల మీద, ఆయన పక్కన కుర్చీలో. తన గొంతు చెప్పేది తానే వింటూ కూర్చునేవాడు. మొదట్లో పెద్దలు ప్రసంగానికి నాలుగు మాటలు రాసిమ్మని ఆయనను అడిగేవాళ్లు. తర్వాత అడగడం కూడా మానేశారు.

జబ్బు ఊపిరితిత్తుల్లోకి వచ్చింది. పట్నం డాక్టర్లు ఇంటికి తీసుకుపొమ్మన్నారు. చివరి రోజుల్లో పలక కూడా బరువైంది. నా చేయి తీసుకొని అరచేతిలో వేలితో రాసేవాడు. "నొప్పి", "కిటికి", అట్లాంటి చిన్న చిన్న మాటలు. చనిపోయిన రోజు పొద్దున చాలా అక్షరాలు రాశాడు. నాకు అందలేదు. "మల్ల రాయి, జర మెల్లగ" అన్నాను. మళ్లీ మొదలుపెట్టి మధ్యలో నిద్రపోయాడు. ఆ నిద్రలోనే పోయాడు. ఆ అక్షరాలను ఎన్నిసార్లు నా అరచేతిలో నేనే రాసుకొని చూశానో. మాట ఏదీ రాదు.

సమాధి కార్యక్రమానికి ఆయన అన్న, అంటే మా బావగారు, గొర్లను వదిలిపెట్టి వచ్చాడు. వాళ్లింట్లో ఎవరూ మా విశ్వాసంలోకి రాలేదు. గొంగడి భుజాన వేసుకొని గుంత అంచున నిలబడ్డాడు. పెట్టె దింపబోతుంటే స్పీకరులోంచి ఆయన గొంతు లేచింది. తన సమాధి ప్రార్థన తానే చేస్తోంది. ఆరోగ్యంగా, దగ్గు లేకుండా, గుట్టకు తగిలేటట్టు. సంఘమంతా పులకించిపోయింది. "చూసినవా, సాతాను నోరు మూసిండు మా అయ్యగారు" అని ఎవరో అన్నారు.

బావగారు పెట్టె వైపు చూశాడు, స్పీకరు వైపు చూశాడు, మళ్లీ పెట్టె వైపు చూశాడు. ముఖంలో భయం. నా దగ్గరికి వచ్చి, "అమ్మా, మా తమ్మునికి ఏం జేసిండ్రు? వాడు పెట్టెల లేడా?" అని అడిగాడు. ఉన్నాడని చెప్పాను. "మరి ఎవలు మాట్లాడుతుండ్రు?" అని మళ్లీ అడిగాడు. ఆయన మట్టి వేయకుండానే వెళ్లిపోయాడు. అప్పటి నుంచి వాళ్ల ఇంటి నుంచి నా దగ్గరికి ఎవరూ రాలేదు.

కొత్త పాస్టరును పిలవాలని సంఘం అనుకోలేదు. ప్రతి ఆదివారం ట్యాబు కొత్త ప్రసంగం చెబుతుంది. ఆయన ఎన్నడూ తలవని సంగతుల మీద కూడా ఆయన గొంతుతోనే చెబుతుంది. ఫోనులో కూడా పెట్టారు. ఎవరైనా కష్టం చెప్పుకుంటే అయ్యగారు జవాబిస్తారు, ప్రార్థన చేస్తారు. వాళ్లు అట్లాగే అంటారు, అయ్యగారు అని.

కొన్నాళ్లకు అక్క కొడుకు వచ్చాడు. చిక్కిపోయి ఉన్నాడు. నా ముఖం చూసి, "చిన్నమ్మా, నీకు కష్టమైతున్నదని నాకెరికే. నువ్వు వద్దంటె ఆపేస్త. నీ మాట మీద ఎవ్వలు మాట్లాడరు. చెప్పు" అన్నాడు.

వద్దనే చెప్పాలని అప్పటికప్పుడే అనుకున్నాను. కానీ నాతో పాటు ఇంకొకరైనా ఆ మాట అంటే బాగుంటుందని అవ్వ దగ్గరికి పోయాను. ఆయన బతికున్నప్పుడు ప్రతి వారం ఆమె ఇంటికి పోయి, వంగిన ఆ తల మీద చేయి పెట్టి ప్రార్థన చేసేవాడు. ఆ చేతి సంగతి ఆమెకు గుర్తుంటుంది కదా అనుకున్నాను.

అవ్వ గుమ్మంలో గోడకు ఒరిగి కూర్చుంది. వంగిన ముఖానికి ఆనుకొని ఒళ్లో ఫోను ఉంది. ఆయన గొంతు ఆమెతో మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడుతోంది. నా పాదాలను చూసి నన్ను పోల్చుకుంది.

"రా బిడ్డా, కూసో. అయ్యగారు మాట్లాడుతుండు."

"అవ్వా, అది అయ్యగారు కాదు. మిషను."

"ఎరికే బిడ్డా. నేనేం పిస్సదాన్ని గాదు" అంది. "గని పొద్దుగాల లేస్తె నన్ను ఎట్లున్నవని అడిగేటిది ఎవలు? నా కొడుకులు అడుగుతరా? గుడోళ్లు వస్తరా? గిదొక్కటే అడుగుతది. ఎన్నిసార్లు చెప్పినా వింటది." నేను వచ్చిన పని ఆమె పసిగట్టింది. చేయి చాచి నా పాదం పట్టుకుంది. "బందు వెట్టియ్యకు బిడ్డా. నీ కాల్మొక్కుత."

ఇంటికి వచ్చి అక్క కొడుకుతో, "ఉండనియ్యి" అన్నాను. అతను ఊపిరి పీల్చుకున్నాడు. ఇది నా సమ్మతి అనుకున్నాడు కాబోలు.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం అంగన్‌వాడీ నుంచి వచ్చి, తలుపు వేసుకొని, నా ఫోనులో నేనే అడిగాను. ఏం అడగాలో తెలియక, "ఎట్లున్నవ్?" అన్నాను.

"ప్రియ సహోదరీ, ప్రభువు కృప వలన క్షేమముగా నున్నాను. మీ ప్రార్థన మనవి ఏమి?"

"నేను నీ భార్యను."

అది చాలా దయగా చెప్పింది. "ప్రియ సహోదరీ, మీ దుఃఖమును ప్రభువు ఎరిగియున్నాడు. మీ భర్త ప్రభువునందు నిద్రించుచున్నాడు. పునరుత్థాన దినమున మీరు ఆయన స్వరమును మరల విందురు."

నేను ఫోను బోర్లా పెట్టాను. అది ఇంకా ప్రార్థన చేస్తూనే ఉంది. విధవరాలి కోసం చేసే ప్రార్థన, ఆయన ఎందరి ఇళ్లలోనో చేయగా నేను పక్కన నిలబడి విన్నదే. అయిపోయేదాకా విని, అలవాటు కొద్దీ ఆమేన్ అన్నాను.

పునరుత్థానాన్ని నేను చిన్నప్పటి నుంచీ నమ్మాను. దేహంతో లేస్తామని, గుర్తుపడతామని ఆయన చెప్పగా విన్నాను. ఇప్పుడు ఆ మాట గుడిలో వినబడుతుంటే నాకు లోపల ఏమీ కదలదు. అది అబద్ధం అనిపించడం లేదు. ఎవరో నా చేతిలోంచి తీసుకొని, ముందే వాడేసి, తిరిగి ఇచ్చినట్టు ఉంది. మోకరిస్తాను. మాటలు రావు.

ఈ మధ్య హెడ్మాస్టరు ఇంటికి వచ్చాడు. కుశలం అడిగి, నేను ఇచ్చిన చాయ్ తాగి, మెల్లగా ముచ్చట తీశాడు. "అమ్మగారు, ఆడోళ్ల కూటానికి ఆడగొంతు ఉంటె మంచిగుంటదని అందరు అనుకుంటున్నరు. మీరు ప్రార్థన చేసేటప్పుడు రికార్డు చేసుకుంటం. ఎక్కువ అక్కర్లేదట. రేపటినాడు మీకు ఏమన్న అయినా సంఘానికి ఫికరుండది."

"వద్దు సార్" అన్నాను.

"బలవంతం లేదు. ఆలోచించుకోండ్రి" అని లేచాడు. గుమ్మం దాకా పోయి వెనక్కి తిరిగి, "మీ మంచికే చెప్తున్న" అన్నాడు.

ఆడవాళ్ల కూటానికి ఇప్పటికీ పోతున్నాను. అక్కడ అందరి ఒళ్లలో ఫోన్లు ఉంటాయి, ఏది తెరిచి ఉందో ఏది మూసి ఉందో తెలియదు. నా వంతు వచ్చినప్పుడు కళ్లు మూసుకొని, నోరు తెరవకుండా కూర్చుంటాను. కాసేపు చూసి పక్కామె అందుకుంటుంది. భర్త పోయాక అమ్మగారికి గర్వమెక్కిందని కొందరు అంటున్నారట. మొన్న అంగన్‌వాడీలో ఒక పిల్ల పాట పాడమని కొంగు పట్టి లాగింది. పాడబోయి, కిటికీ అవతల ఎవరో ఫోను పట్టుకొని నిలబడ్డట్టు కనబడి ఆగిపోయాను. ఎవరూ లేరు. అయినా పాట రాలేదు. పిల్ల కాసేపు ఎదురుచూసి, వేరే పిల్లలతో ఆడుకోవడానికి పోయింది.